నదిలోకి కొట్టుకొచ్చే పోషకాలు, మట్టి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక నదీ పరీవాహక ప్రాంతంలో రైతులు, ఇంజినీర్లు, పంచాయతీలు, స్వచ్ఛంద బృందాలు పని మొదలుపెట్టినప్పుడు ఎదురయ్యే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. కొన్ని జవాబులు పొడవుగా ఉంటాయి. ఎక్కువ మంది పొరబడేది అక్కడే.

పోషకాలంటే మేలు చేసేవే కదా, నదికి వాటివల్ల చేటేమిటి?

చేలో పైరుకు బలమిచ్చే నత్రజని, భాస్వరమే నీళ్లలో నాచుకూ బలమిస్తాయి. నాచు విపరీతంగా పెరిగి, చచ్చి, అడుగుకు చేరుతుంది. దాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను వాడేస్తుంది. ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చాలా రకాల చేపలు ఇబ్బంది పడతాయి. 2 కంటే తగ్గితే ఈదగలిగినవి పారిపోతాయి, కదలలేనివి చనిపోతాయి. మిసిసిపీ నది మోసుకెళ్లే పోషకాల వల్ల గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఏటా వేసవిలో ఇలాంటి ప్రాంతం ఏర్పడుతుంది. 2017లో అది దాదాపు 22,700 చదరపు కిలోమీటర్లకు పాకింది.

నీలి ఆకుపచ్చ నాచుతో ఇంకో ముప్పుంది: దానిలో కొన్ని రకాలు విషాన్ని తయారుచేస్తాయి. 2014 ఆగస్టులో ఈరీ సరస్సు నీళ్లలో మైక్రోసిస్టిన్ అనే విషం కనబడటంతో అమెరికాలోని టొలీడో నగరంలో లక్షలాది మంది కుళాయి నీళ్లు తాగడం ఆపాల్సి వచ్చింది. కాచినా ఆ విషం పోదు, నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

వరదలో మట్టి రావడం సహజమే కదా?

కొంత సహజమే. వట్టి నేల నుంచి వచ్చేదే అదనపు భారం. హెక్టారు పొలం మీద ఒక్క మిల్లీమీటరు మందాన మట్టి పోయిందంటే సుమారు 13 టన్నులు పోయినట్టు. కంటికి ఆ తేడా కనబడదు కూడా. ఆ మట్టి నీళ్లలోకి వెలుతురు దిగకుండా చేస్తుంది, చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్ల సందులను పూడుస్తుంది, జలాశయాల్లో మేట వేస్తుంది. సన్నటి బంకమట్టి రేణువులకు భాస్వరం అతుక్కుని ఉంటుంది కాబట్టి మట్టితోపాటు అదీ దిగువకు ప్రయాణిస్తుంది.

నత్రజని, భాస్వరం, మట్టి... మూడింటికీ ఒకే చికిత్స సరిపోదా?

సరిపోదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

నత్రజనిలో ఎక్కువ భాగం నైట్రేట్ రూపంలో నీటిలో కరిగిపోతుంది. మట్టి దాన్ని పట్టి ఉంచలేదు. అది వేర్లను దాటి భూగర్భ జలంలోకి దిగి, నెలలకో ఏళ్లకో ఊటగా వాగులోకి వస్తుంది. నేల మీద కట్టిన ఏ రాతికట్టా దాన్ని ఆపలేదు. భాస్వరం చాలావరకు మట్టి రేణువులకు అతుక్కుని, వాన నీటి పరుగుతో నేల పైనుంచే పోతుంది. నేలలో భాస్వరం మితిమీరి పేరుకుంటే మాత్రం కరిగిన రూపంలోనూ కారిపోతుంది. ఇక మట్టి దారి పూర్తిగా నేల పైనే, లేదంటే వాగు ఒడ్డు కోత నుంచి.

అందుకే ఏ పనికైనా ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇక్కడ మనం ఆపాలనుకుంటున్నది ఏ దారిన పోతోంది? చెక్ డ్యాంలు కట్టి నైట్రేట్ తగ్గలేదని బాధపడే ప్రాజెక్టులు ఈ ప్రశ్న వేసుకోకుండా మొదలైనవే.

నత్రజని, భాస్వరాల్లో దేన్ని ముందు తగ్గించాలి?

మంచినీటి సరస్సులు, జలాశయాల్లో నాచు పెరుగుదలకు సాధారణంగా భాస్వరమే పగ్గం. కెనడాలోని ఆంటారియోలో 226వ నంబరు సరస్సును 1973లో మధ్యలో తెరతో రెండుగా విడదీసి పరీక్షించారు. ఒకవైపు కార్బన్, నత్రజని కలిపారు. రెండోవైపు వాటికి భాస్వరం కూడా జోడించారు. భాస్వరం వేసిన వైపే పచ్చగా మారింది. కొన్ని నీలి ఆకుపచ్చ నాచులు గాలిలోని నత్రజనిని తామే పట్టుకోగలవు, భాస్వరాన్ని మాత్రం అలా తెచ్చుకోలేవు.

సముద్రతీరంలో, నదీముఖాల్లో లెక్క తరచుగా తిరగబడుతుంది. అక్కడ నత్రజని ప్రధానమవుతుంది. నది సముద్రంలోనే కలుస్తుంది కాబట్టి రెండింటినీ తగ్గించే ప్రణాళికే సరైనది. అమెరికా తూర్పుతీరంలోని చెసపీక్ బే అనే అఖాతం కోసం 2010లో అమెరికా పర్యావరణ సంస్థ పెట్టిన పరిమితులు అలాంటివే: ఆరు రాష్ట్రాలు, రాజధాని ప్రాంతం కలిసి నత్రజనిని 25 శాతం, భాస్వరాన్ని 24 శాతం, మట్టిని 20 శాతం తగ్గించాలని లెక్కగట్టి పంచారు.

పరీవాహక ప్రాంతం పెద్దది, డబ్బు తక్కువ. ఎక్కడ మొదలుపెట్టాలి?

కాలుష్యం నేలంతటా సమానంగా పుట్టదు. కొద్దిపాటి విస్తీర్ణం నుంచే పెద్ద వాటా వస్తుంది. మట్టి లేదా పోషకం ఎక్కువగా ఉండటం, అక్కడి నుంచి వాగుకు నీటి దారి ఉండటం, ఈ రెండూ కలిసిన చోటే అసలు ప్రమాదం. భాస్వరం నిండిన పొలం వాగుకు దూరంగా, చుట్టూ గట్టుతో ఉంటే తొందర లేదు. మామూలు పొలమే అయినా దాని మూల నుంచి వంక నేరుగా వాగులో పడుతుంటే అక్కడికే ముందు వెళ్లాలి.

ఆఫీసులో పటం మీద వాలు, నేల రకం, పంట గుర్తించుకోండి. ఆ తర్వాత పెద్ద వాన కురుస్తున్నప్పుడు గొడుగు పట్టుకుని తిరగండి. ఏ కాలువ ఎర్రగా పారుతోంది, ఏది తేటగా ఉంది, రోడ్డు పక్క కాలువలు ఎక్కడ కలుస్తున్నాయి అన్నది వానలోనే తెలుస్తుంది. రెండు వాగులు కలిసేచోట ఏది బురదగా వస్తోందో చూసి, ఆ వాగు వెంట పైకి నడవండి. మళ్లీ రెండు పాయలు కనబడితే మళ్లీ అదే పని. మట్టిరోడ్లను మర్చిపోవద్దు. చిన్న పరీవాహకాల్లో అవే పెద్ద దోషులై ఉండటం మామూలే.

ఎరువుల విషయంలో పొలంలో చేయాల్సింది ఏమిటి?

భూసార పరీక్ష లేకుండా భాస్వరం వేయడం ఆపాలి. 50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వర ఆక్సైడు ఉంటాయి. ఆక్సైడు లెక్కను 0.436తో గుణిస్తే అసలు భాస్వరం సుమారు 10 కిలోలు. సరస్సు నీళ్లలో లీటరుకు 0.03 మిల్లీగ్రాముల భాస్వరం ఉన్నా నాచు బలిసే స్థితికి దగ్గరపడినట్టే. అంటే ఒక్క బస్తాలోని భాస్వరం మొత్తం నీళ్లలోకి చేరితే 33 కోట్ల లీటర్లను ఆ స్థాయికి తెస్తుంది. పరీక్షలో భాస్వరం ఎక్కువని తేలిన పొలానికి కొన్నేళ్లు వేయకపోయినా దిగుబడి తగ్గదు.

నత్రజనిని ఒకేసారి గుమ్మరించకుండా పైరు తీసుకునే వేళకు విడతలుగా ఇవ్వాలి. యూరియాను తడి నేల పైన చల్లి వదిలేస్తే అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. మట్టిలో కలపాలి, లేదా వెంటనే 10 నుంచి 15 మిల్లీమీటర్ల తేలికపాటి తడి ఇవ్వాలి. పెద్ద వాన సూచన ఉంటే వాయిదా వేయాలి.

పశువుల ఎరువు, కోళ్ల ఎరువు విషయంలో ఒక చిక్కుంది. చాలా పంటలు భాస్వరానికి ఐదు నుంచి ఎనిమిది రెట్లు నత్రజని తీసుకుంటాయి. ఎరువులో మాత్రం పైరుకు అందే నత్రజని భాస్వరానికి రెండు నుంచి నాలుగు రెట్లే. నత్రజని అవసరం మొత్తం ఆ ఎరువుతోనే తీర్చాలని చూస్తే ఏటా భాస్వరం మిగిలి నేలలో పేరుకుపోతుంది. భాస్వరం అవసరానికి సరిపడా ఎరువు వేసి, తగ్గిన నత్రజనిని విడిగా ఇవ్వడమే మార్గం. ఎరువు కుప్పను వాగు ఒడ్డున, వంక దారిలో పోయకూడదని వేరే చెప్పనక్కర్లేదు, కానీ వానలో తిరిగితే ఎన్ని కుప్పలు అక్కడే కనబడతాయో.

దున్నడం మానేస్తే మట్టి, భాస్వరం రెండూ ఆగుతాయా?

మట్టి బాగా తగ్గుతుంది. భాస్వరం సంగతి అంత సులభం కాదు. దున్నని నేల మీద ఏటా ఎరువు చల్లితే అది పై రెండు మూడు అంగుళాల్లోనే పేరుకుని, వాన నీటిలో కరిగి పోతుంది. ఈరీ సరస్సులో కలిసే మౌమీ నదిలో 1990ల మధ్య నుంచి కరిగిన భాస్వరం పెరిగింది. దున్నకుండా పైనే ఎరువు చల్లడాన్ని దానికి ఒక ముఖ్య కారణంగా పరిశోధకులు చూపుతారు. దుక్కి మానేయండి, కానీ ఎరువును విత్తనం పక్కన నేల లోపల పడేలా వేయండి.

పంట కోశాక ఖాళీగా ఉండే నేల సంగతి?

కోత తర్వాత మిగిలిన నైట్రేట్‌ను పట్టుకోవడానికి నేలను కప్పే పంట కంటే చవకైన సాధనం లేదు. అయితే ఆలస్యంగా విత్తితే వేరు దిగేలోపు నైట్రేట్ దిగిపోతుంది. ప్రధాన పంట కోయకముందే సాళ్ల మధ్య చల్లడం మేలు. నైట్రేట్ పట్టడమే లక్ష్యమైతే గడ్డిజాతి పైరు ఎంచుకోండి. పప్పుజాతి పైరు నత్రజనిని తానే తెచ్చుకుంటుంది కాబట్టి ఈ పనికి అంతగా పనికిరాదు.

వాగు ఒడ్డున చెట్లు, గడ్డి పట్టీ ఎంత వెడల్పు ఉండాలి?

ముతక మట్టి చాలావరకు మొదటి 5 నుంచి 10 మీటర్ల దట్టమైన గడ్డిలోనే ఆగిపోతుంది. నైట్రేట్ తగ్గాలంటే 30 మీటర్ల వరకు కావాలి. పైగా భూగర్భ జలం వేర్ల లోతులోనుంచి పారాలి. అది వేర్లకు అందనంత కింద నుంచి పోతే ఎంత వెడల్పున్నా లాభం ఉండదు. నీటి అంచున లోతైన వేర్లున్న చెట్లు, వాటి వెనక పొదలు, పొలం పక్కన గడ్డి అన్నది నమ్మదగిన అమరిక.

పట్టీలు విఫలమయ్యేది వెడల్పు చాలక కాదు, నీరు పరుచుకోకపోవడం వల్ల. పొలం నీళ్లన్నీ ఒకే పల్లంలో చేరి సన్నటి ధారగా పట్టీని చీల్చుకుని పోతాయి. మిగతా పట్టీ తడవను కూడా తడవదు. అలాంటి చోట పట్టీకి పైభాగంలో కాంటూరు (ఒకే ఎత్తులో సాగే గీత) వెంట కాలువ తవ్వి, దాని దిగువ అంచును మట్టగోలుతో చూసి ఒకే మట్టంలో ఉంచాలి. అంచు రెండు మూడు సెంటీమీటర్లు వంగినా నీళ్లన్నీ అక్కడికే పరుగెత్తుతాయి. నేలలో పూడ్చిన డ్రైనేజీ గొట్టాలుంటే పట్టీ కింద నుంచే నీరు వాగులో పడుతుంది. ఆ నీటికి వేరే చికిత్స కావాలి.

ఆ గొట్టాల నీటికి ఏం చేయాలి?

గొట్టం చివర కందకం తవ్వి, ప్లాస్టిక్ పరిచి, చెక్క ముక్కలతో నింపి, ఆ నీటిని దానిగుండా పారించాలి. ఆక్సిజన్ లేని చోట బ్యాక్టీరియా చెక్కలోని కార్బన్‌ను తింటూ నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మారుస్తుంది. నీరు కనీసం నాలుగు గంటలైనా లోపల నిలవాలి. మరీ ఎక్కువసేపు నిలిచినా ఇబ్బందే: నైట్రేట్ అయిపోయాక సల్ఫేట్ మీద పడి కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ఆ వాసన వస్తే నీటి మట్టం నియంత్రించే పలకలు తీసి ప్రవాహం పెంచండి. చెక్క సుమారు 10 నుంచి 15 ఏళ్లు నిలుస్తుంది. కొత్తగా నింపిన మొదటి వారాల్లో బయటికొచ్చే గోధుమరంగు నీళ్లను నేరుగా చిన్న వాగులోకి వదలకండి.

వంకల్లో రాతికట్టలు ఎంత దూరానికొకటి కట్టాలి?

దిగువ కట్ట పైఅంచు, ఎగువ కట్ట అడుగు ఒకే మట్టంలో ఉండాలి. కట్ట ఎత్తును వాలుతో భాగిస్తే దూరం వస్తుంది: 0.6 మీటర్ల కట్ట, 4 శాతం వాలు అయితే 15 మీటర్లు. కట్ట మధ్యభాగం పక్కల కంటే కనీసం 15 సెంటీమీటర్లు పల్లంగా ఉండాలి. మధ్య ఎత్తుగా కడితే నీరు పక్కలకు మళ్లి ఒడ్డును కోసి, కట్టను ఒంటరిగా వదిలేసి పోతుంది. రాళ్లను రెండు ఒడ్లలోకీ చొప్పించాలి, నీరు పడేచోట రాతి పరుపు వేయాలి. ఎగువన సగం ఎత్తు మేట వేస్తే తీసేయాలి. నిత్యం పారే వాగులో ఇవి కట్టకూడదు. చేపల దారి మూసుకుపోతుంది.

భవన, రోడ్డు నిర్మాణ స్థలాల్లో?

నేలను తెరిచి ఉంచే విస్తీర్ణం, రోజులు తగ్గించడమే మొదటి పని. పని ఆగిన భాగంపై వెంటనే గడ్డి కప్పండి. మట్టి ఒకసారి నీళ్లలో కలిశాక పట్టుకోవడం ఎంత కష్టమో రేణువుల వేగమే చెబుతుంది: 0.1 మిల్లీమీటర్ల ఇసుక రేణువు మీటరు లోతు దిగడానికి సుమారు రెండు నిమిషాలు, 2 మైక్రాన్ల (0.002 మిల్లీమీటర్ల) బంకమట్టి రేణువుకు మూడు రోజులు. ఏ చెరువులోనూ వరద నీరు మూడు రోజులు కదలకుండా ఉండదు.

బురదను ఆపే బట్ట కంచెను వాలుకు దిగువన కాంటూరు వెంట నిలపాలి. బట్ట అడుగుభాగాన్ని 15 సెంటీమీటర్ల కందకంలో పూడ్చి తొక్కాలి, రెండు చివరలను ఎగువకు తిప్పాలి. 30 మీటర్ల కంచె వెనక 0.1 హెక్టారుకు మించి నీరు రాకూడదు. కాలువకు అడ్డంగా కట్టిన బట్ట కంచె మొదటి గట్టి వానకే పడిపోతుంది. అడుగు పూడ్చని కంచెల కింద నుంచి బురద యథేచ్ఛగా పోతుంది. ఎక్కువగా కనబడే తప్పు ఇదే.

మట్టి నిలిపే చెరువుకు హెక్టారు పరీవాహకానికి సుమారు 250 ఘనపు మీటర్ల చోటు, వెడల్పుకు కనీసం రెట్టింపు పొడవు ఉంచండి. నీటిని అడుగు నుంచి కాకుండా పైమట్టం నుంచి తోడే తేలుడు గొట్టం పెట్టండి. బంకమట్టి ఎక్కువైతే రేణువులను ముద్దగా కలిపి దించే పాలీఎక్రిలమైడ్ అనే రసాయనం వాడొచ్చు, కానీ రుణావేశం ఉన్నదే వాడాలి. ధనావేశం ఉన్న రకం చేపల మొప్పలకు అంటుకుని చంపుతుంది.

పట్టణ వర్షపు నీటికి ఇసుక, మొక్కల గుంతలు పనిచేస్తాయా?

మట్టికి బాగా పనిచేస్తాయి. పోషకాలకు పనిచేయాలంటే లోపలి మిశ్రమం సరిగ్గా ఉండాలి. మొక్కలు బాగా రావాలని 30, 40 శాతం కంపోస్టు కలిపిన గుంతలు భాస్వరాన్ని పట్టుకోకపోగా తామే కార్చాయి. ఇసుక ప్రధానంగా, కంపోస్టు చాలా కొద్దిగా వేసి, 60 నుంచి 90 సెంటీమీటర్ల లోతు ఉంచండి. నైట్రేట్ కూడా తగ్గాలంటే బయటికెళ్లే గొట్టాన్ని పైకి వంచి, అడుగుపొర ఎప్పుడూ తడిలో ఉండేలా చేయాలి. పైన నిలిచిన నీరు ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోవాలి. చుట్టుపక్కల నిర్మాణం పూర్తయి నేల కుదుటపడ్డాకే తవ్వండి. ముందే తవ్వితే మొదటి సీజన్ బురదతోనే మూసుకుపోతుంది.

మురుగు నీటి వాటా ఎంత?

ఒక మనిషి నుంచి ఏడాదికి సుమారు 4 కిలోల నత్రజని మురుగులో చేరుతుంది. మామూలు సెప్టిక్ ట్యాంకు దానిలో కొద్దిపాటినే ఆపుతుంది, మిగతాది ఇంకుడు నేల గుండా భూగర్భ జలానికి పోతుంది. మూడు నుంచి ఐదేళ్లకోసారి మడ్డి తీయించకపోతే ఇంకుడు నేల మూసుకుపోయి మురుగు పైకి పొంగుతుంది, అప్పుడు భాస్వరమూ వాగుకు చేరుతుంది.

శుద్ధి కేంద్రంలో అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చడానికి ప్రతి గ్రాము నత్రజనికి 4.57 గ్రాముల ఆక్సిజన్, 7.14 గ్రాముల క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి, కాల్షియం కార్బొనేట్ లెక్కన) ఖర్చవుతాయి. క్షారత అయిపోయి పీహెచ్ పడిపోతే ఈ మార్పు చేసే బ్యాక్టీరియా మందగిస్తుంది. ఆపరేటర్లు గాలి పెంచుతూ పోతారు, కొరత మాత్రం క్షారతనిచ్చే సున్నంలో ఉంటుంది. తర్వాతి దశలో నైట్రేట్‌ను వాయువుగా మార్చడానికి ఆక్సిజన్ లేని తొట్టి, కార్బన్ కావాలి. వెనక్కి పంపే నీటితో గాలి కూడా వెళ్తే ఆ దశ చెడుతుంది. భాస్వరానికి పటిక లేదా ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తారు. మడ్డిని పిండిన నీళ్లలో భాస్వరం మళ్లీ దండిగా ఉంటుంది. దాన్ని లెక్కలో పెట్టకుండా మొదటి తొట్టికి పంపడం వల్లే చాలాచోట్ల మోతాదు ఎప్పటికీ చాలదు.

వాగు ఒడ్డు విరిగిపడుతోంది. రాళ్లు పేర్చాలా?

ముందు కారణం చూడండి. ఎగువన కట్టడాలు పెరిగి వరద ఉధృతి ఎక్కువైందా, వాగు అడుగు కోసుకుపోయి లోతు పెరిగిందా, పశువులు తొక్కుతున్నాయా? పశువులైతే కంచె వేసి, దూరంగా నీళ్ల తొట్టి పెడితే ఒడ్డు తనంతట తాను కోలుకుంటుంది. కోత మరీ ఎక్కువైతే ఒడ్డు పాదం దగ్గర రాయి, పైన జీవకొమ్మలు నాటడం మంచిది. 60 నుంచి 90 సెంటీమీటర్ల పొడవు, 2 నుంచి 4 సెంటీమీటర్ల మందం ఉన్న నిద్రాణ (ఇంకా చిగురించని) కొమ్మలను మొగ్గలు పైకి ఉండేలా, మూడింట రెండొంతులు నేలలోకి దించాలి. తలకిందులుగా నాటిన కొమ్మ బతకదు. ఒడ్డు పొడవునా రాయే పేరిస్తే వేగం తగ్గదు, కోత దిగువ రైతుకు బదిలీ అవుతుంది.

పూడిక తీసేస్తే సమస్య తీరదా?

నిల్వ సామర్థ్యం కొంత వస్తుంది, అంతే. ఎగువన కోత ఆగకపోతే మళ్లీ నిండుతుంది.

నీటిలో మార్పును ఎలా కొలవాలి?

గాఢత ఒక్కటే చాలదు, మొత్తం బరువు కావాలి. సెకనుకు ఒక ఘనపు మీటరు ప్రవాహంలో లీటరుకు ఒక మిల్లీగ్రాము ఉంటే రోజుకు 86.4 కిలోలు. మామూలు రోజున ప్రవాహం 20, మట్టి 50 మిల్లీగ్రాములైతే 86.4 టన్నులు. వరద రోజున ప్రవాహం 200, మట్టి 1,500 అయితే 25,920 టన్నులు, అంటే 300 మామూలు రోజుల మట్టి ఒక్క రోజులో. నెలకోసారి ఎండ వేళ వెళ్లి సీసా నింపుకొచ్చే పద్ధతి ఆ రోజును పట్టుకోలేదు. వరద ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కూడా తీయాలి. ప్రవాహం ఒకటే అయినా ఎక్కేటప్పుడు మట్టి సాధారణంగా ఎక్కువ.

కరిగిన భాస్వరం కోసం నమూనాను ఒడ్డునే 0.45 మైక్రాన్ల వడపోతతో వడకట్టి మంచులో పెట్టండి. మొత్తం భాస్వరానికైతే వడకట్టకూడదు. సీసాలను ఫాస్ఫేట్ ఉన్న సబ్బుతో కడిగితే ఫలితాలన్నీ వృథా. పక్కనే పనులేవీ చేయని మరో చిన్న వాగును కూడా అదే రోజుల్లో కొలవండి. అది లేకపోతే మార్పు పనివల్ల వచ్చిందో, వానలు తగ్గడంవల్ల వచ్చిందో చెప్పలేరు.

పనులు చేసి ఐదేళ్లయింది, నదిలో తేడా లేదు. ఎక్కడ తప్పింది?

తప్పకపోయి ఉండొచ్చు. ఇవాళ ఊటలో వస్తున్న నైట్రేట్ కొన్నేళ్ల కిందట, కొన్నిచోట్ల దశాబ్దాల కిందట వేసిన ఎరువుది. నేలలో పేరుకున్న భాస్వరం పంటలు తోడితే తగ్గడానికీ దశాబ్దాలు పడుతుంది. సరస్సు అడుగున ఆక్సిజన్ లేనప్పుడు ఇనుముకు పట్టుకున్న భాస్వరం విడుదలవుతుంది కాబట్టి బయటి నుంచి రావడం తగ్గినా నాచు కొన్నేళ్లు కొనసాగుతుంది. పాత ఆనకట్టలు నిండిపోవడం మరో కారణం. 1928లో పూర్తయిన కనోవింగో డ్యాం చెసపీక్ బేలో కలిసే సస్కెహానా నది మట్టిని దశాబ్దాలపాటు ఆపింది. ఇప్పుడు దాదాపు నిండిపోవడంతో మట్టి, భాస్వరం మునుపటికంటే ఎక్కువగా దిగువకు వెళ్తున్నాయి.

అలాగని ఊరికే ఎదురుచూడొద్దు. నది ముఖద్వారం దగ్గర కాకుండా పనులు జరిగిన చిన్న వాగుల్లో చూడండి, మట్టి తగ్గుదల అక్కడే ముందు కనబడుతుంది. అక్కడా కనబడకపోతే పనులనే తనిఖీ చేయండి. గడ్డి పట్టీని ఎవరైనా దున్నేశారా, మట్టి చెరువు నిండిపోయిందా, నీరు పరిచే కాలువ అంచు వంగిందా, చెక్క ముక్కల కందకం పక్క నుంచి నీరు తప్పించుకుంటోందా చూడండి. కట్టిన ప్రతి నిర్మాణానికీ పూడిక తీసే మనిషి పేరు, తీయాల్సిన మట్టపు గుర్తు, ఏటా దానికి కేటాయించిన డబ్బు కాగితం మీద ఉండాలి. ఈ మూడూ లేకపోతే కొత్తది కట్టకుండా, ఉన్నవాటిని ముందు బాగుచేయండి.